పాతబస్తీకి ఒక పూట చాలా? చార్మినార్ ఎక్కాక ఇంకేం చూడాలి?

ఒక పూటలో అయ్యే పని కాదు. అసలు చార్మినార్‌ని మొదట పెట్టుకోవడమే తప్పని నా అభిప్రాయం. నయాపూల్ దాటి మదీనా దగ్గర దిగి నడవండి. కారు మాత్రం వద్దు. పార్కింగ్ వెతకడానికి సగం పూట పోతుంది, ఆ బండికి ఏమైందోనన్న టెన్షన్‌తో మిగతా సగం పోతుంది.

మా చెల్లి పెళ్లి గాజుల కోసం అమ్మ సూర్యాపేట వైపు మా ఊరి నుంచి వచ్చింది. ఇమ్లీబన్‌లో బస్సు దిగి నడుస్తానంది. పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద బట్టల కొట్లన్నీ చూస్తూ పోతున్నాం. 1908లో మూసీ వరద ముంచేశాక కట్టిన వరుస అది. ఆ పక్కనే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంది, మెయిన్ రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడదు. లోపలికెళ్లగానే అమ్మ, "ఇది పీర్ల కొట్టమే కదరా, ఇంత పెద్దగుందేంది!" అంది. నిజమే, చార్మినార్ కట్టించిన కులీ కుతుబ్‌షానే దీన్నీ కట్టించాడు, మొహర్రంకి పీర్లు నిలపడానికి. గోడల మీద పైన మెరిసే రంగు పలకలు, కింది భాగంలో మాత్రం వట్టి రంగు. అసలు పలకలు ఆ వరదలోనే పోయాయి. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఆ గోడ చూస్తే తెలుస్తుంది. "చూడాల్సిన పది ప్రదేశాలు" అని రాసేవాళ్లు దీన్ని ఎందుకు వదిలేస్తారో నాకర్థం కాదు. బహుశా వాళ్లు బిర్యానీ దగ్గరే ఆగిపోతారు.

సరే, లాడ్ బజార్, చార్మినార్ పక్కనే ఉన్న గాజుల బజారు. చెల్లికి పది నిమిషాల్లో గాజులు దొరికాయి. తనకూ ఒక జత కావాలన్న అమ్మకే ఏ సైజూ ఎక్కలేదు. పత్తి ఏరిన చేతులు, కణుపులు లావు. ఒక కొట్టతను "ఎక్కుతుందమ్మా, ఎక్కుతుంది" అంటూ బలవంతంగా తొడగబోతే గాజు రెండు ముక్కలైంది. పైగా దాని డబ్బులు కూడా అడిగాడు! నేను గొడవ పెట్టుకున్నా. అమ్మ నన్ను చెయ్యి పట్టి బయటికి లాగింది.

అదంతా చూసిన పక్క కొట్టు కుర్రాడు మమ్మల్ని వెనక సందులోకి తీసుకెళ్లాడు. ఇరుకు గది, మధ్యలో బొగ్గుల కుంపటి, దాని ముందు ఒక పెద్దాయన. టేపు లేదు, ఏమీ లేదు. "పిడికిలి పట్టమ్మా" అన్నాడు, ఒకసారి చూశాడు. లక్క ముద్దను సెగ మీద మెత్తబరిచి, తాడులా సాగదీసి, పలక మీద దొర్లించి, కోసి వంచి అంటించాడు. కర్ర అచ్చుకు తొడిగి సరిచేశాడు. వేడి ఆరకముందే రాళ్లు ఒక్కొక్కటే అద్దుతూ అడిగాడు.

"ఏం పని చేస్తవమ్మా?"

"పత్తి ఏరుత అన్నా."

"అందుకే. నావి చూడు," అని తన వేళ్లు చాపాడు. కొసలన్నీ కాలి కాలి నున్నగా అయిపోయాయి. ఇద్దరూ చేతులు పక్కపక్కన పెట్టుకుని నవ్వుకున్నారు. నాకే ఏమనాలో తోచలేదు.

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకేనన్న ముద్ర, వచ్చింది, మంచిదే. కానీ ప్రతి కొట్టువాడూ అసలు లక్కే అంటాడు. కుంపటి చూపించమనండి, తెలిసిపోతుంది. బేరం కూడా ఆడండి, మొహమాటపడితే మునిగిపోతారు. రీల్స్ తీసేవాళ్లు దారికడ్డంగా నిలబడతారు, నెట్టుకుని పోవడమే.

మిగతావి తొందరగా చెప్పేస్తా. చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం రెండూ శుక్రవారం మూసేస్తారు, ఆ రోజు పెట్టుకోకండి. ఇరానీ చాయ్ నిలబడే తాగండి, ఉస్మానియా బిస్కట్ ముంచడం మర్చిపోవద్దు.

ఇక చార్మినార్ పైనుంచి ఎలా ఉంటుందంటారా? ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ ఎక్కలేదు. ఎక్కినవాళ్లెవరైనా చెప్పాలి.