జెర్రిపోతు తోక ఎందుకు ఎండింది?

ప్రశ్న: రొయ్యల చెరువులోకి పీతలు రాకుండా గట్టున కట్టిన వలలో జెర్రిపోతు చిక్కింది. వల కోసి, ప్లాస్టిక్ డ్రమ్ములో ఉంచాం. తోక చివర రెండంగుళాలు నల్లగా ఎండిపోయింది. దాని మీద పాత కుబుసం చుట్లుగా అతుక్కుని ఉంది. ఇది రోగమా? తోక మళ్లీ వస్తుందా? ఎలుకలు పడుతుంది కదా, ఉంచుకోవచ్చా?
– ఒక రైతు, ఇందుకూరుపేట, నెల్లూరు జిల్లా

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి ఇది కుబుసం సరిగా ఊడక వచ్చిన చేటులా ఉంది. కుబుసం మూతి దగ్గర విడివడి, మేజోడు తిరగేసి లాగినట్టు తోక దాకా ఒకే తొడుగుగా రావాలి. ఒంట్లో నీరు తగ్గినా, పాత గాయం మచ్చ కట్టినా, పొలుసుల సందున పిడుదులు పట్టినా మధ్యలో తెగుతుంది. తోక కొనకు మిగిలిన చుట్టు ఎండి, వేలికి దారం కట్టినట్టు బిగుస్తుంది. దాని మీద ఇంకో కుబుసం పేరుకుంటే రక్తం ఆడక కొన చచ్చిపోతుంది. నైలాన్ పోగు బిగుసుకున్నా ఇంతే. తోక మళ్లీ రాదు, పాము బల్లి కాదు. కొన పోయినా అది వేటాడి బతుకుతుంది.

కుబుసాన్ని లాగొద్దు, కొన కోయొద్దు, నూనె, కిరోసిన్ రాయొద్దు. డ్రమ్ము నీడన పెట్టండి. ఎండలో ఉంటే గంటలోపే పాము చస్తుంది. మూతకు గాలి చిల్లులుండాలి. తడిపి పిండిన గోనెసంచి వేసి, బరువైన పళ్లెంలో నీళ్లు పెట్టండి. పాలు వద్దు. చెమ్మకు మెత్తబడిన చుట్లు సంచికి రాసుకుని చాలావరకు అవే ఊడతాయి.

కళ్లు చూడండి, దూరం నుంచే. రెండూ ఒకేలా పాలనీలంగా ఉంటే కొద్దిరోజుల్లో మళ్లీ కుబుసం విడుస్తుంది. అప్పుడు చూపు మసకబారి చిరాకుగా కరుస్తుంది. ఒళ్లంతా కొత్తగా మెరుస్తూ కన్ను మాత్రం ముడతలుగా ఉంటే పాత పొర అంటుకున్నట్టే. దాన్ని గోటితో గీకితే కన్నే పోతుంది. తోక కంటే నాకు ఆ భయమే ఎక్కువ.

నల్లబడిన చోట పొడిగా ఉంటే అదే రాలుతుంది. తడిగా, వాసన వేస్తూ వాపు పైకి పాకుతుంటే పశువైద్యుడు కోసి తీయాలి.

ఉంచుకోవడం మాత్రం కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. ఇవాళే అటవీ శాఖకు కబురు పెట్టండి, తోకలో వల పోగు మిగిలిందేమో చూడమనండి. జెర్రిపోతేనా అని ఏమాత్రం అనుమానమున్నా మూత తీయొద్దు. గట్టున వల బదులు బిగుతుగా ప్లాస్టిక్ షీటు కడితే పీతలూ ఆగుతాయి, పామూ చిక్కదు.