కూల్‌డ్రింక్‌లో మత్తు కలిపితే ‘గొలుసు పోయింది’ అని రాసుకున్నారు... కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మా చెల్లికి 23 ఏళ్లు. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక రెస్టారెంటులో తోటి ఉద్యోగి పుట్టినరోజు విందుకి వెళ్లింది. కూల్‌డ్రింక్ సగం తాగేసరికి కళ్లు తిరిగి మాట తడబడిందట. ఆ తర్వాత ఏమీ గుర్తులేదు. తెల్లారి చూస్తే మెడలో గొలుసు లేదు. స్టేషన్‌లో ‘తాగి ఎక్కడో పారేసుకుని ఉంటుంది’ అంటూ గొలుసు పోయినట్టు అర్జీ రాయించుకుని పంపేశారు. ఎనిమిది రోజులైంది. ఇప్పుడు కేసు పెట్టొచ్చా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: పెట్టొచ్చు. ముందు ఆ అర్జీ సంగతి చూడాలి. వస్తువు పోయిందని ఇచ్చిన కాగితం జనరల్ డైరీలో (స్టేషన్ రోజువారీ రిజిస్టరులో) ఒక నమోదుగా మిగిలిపోతుంది. దాంతో నేర దర్యాప్తు మొదలవదు. మీ చెల్లి సంతకంతో కొత్త ఫిర్యాదు ఇవ్వండి. ‘నాకు తెలియకుండా పానీయంలో మత్తు పదార్థం కలిపి, ఆ మత్తులో ఉండగా నా గొలుసు తీసుకున్నారని అనుమానం’ అన్న మాట అందులో ఉండి తీరాలి. అప్పుడే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 123వ సెక్షన్ (పాత ఐపీసీ 328) పడుతుంది. శిక్ష పదేళ్ల వరకు, నాన్‌బెయిలబుల్. కలిపింది మాత్రే కానక్కర్లేదు, దోచుకోవాలని కూల్‌డ్రింక్‌లో వోడ్కా పోసినా ఇదే సెక్షన్.

ఉత్త దొంగతనం కింద బీఎన్‌ఎస్ 303(2) మాత్రమే రాస్తే నష్టం ఉంది. దానికి గరిష్ఠ శిక్ష సాధారణంగా మూడేళ్లు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజులు ప్రాథమిక విచారణ జరపొచ్చని బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 173(3) చెబుతోంది. 123కి అది వర్తించదు. అక్కడ ‘విచారించి చెబుతాం’ అంటే కుదరదు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం, అడిగి తీసుకోండి. నిరాకరిస్తే 173(4) కింద పోలీస్ కమిషనర్‌కి (గుంటూరువాళ్లయితే ఎస్పీకి) రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అప్పటికీ కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాలి.

పరీక్ష విషయంలో మాత్రం ఆలస్యమైంది. జీహెచ్‌బీ లాంటి మత్తుమందులు మూత్రంలో సుమారు 12 గంటలకు మించి దొరకవు. నిద్రమాత్రల జాతివి కొన్ని రోజులు నిలుస్తాయి. అనుమానం వచ్చిన రాత్రే ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లి, ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయమని అడగాలి. దానికి ముందు ఎఫ్‌ఐఆర్ ఉండనక్కర్లేదు. రక్తం, మూత్రం రెండూ ఇవ్వాలి. డాక్టరు ‘మద్యం వాసన’ ఒక్కటే రాసి ఊరుకుంటే మిగతా మత్తుల సంగతి ఎప్పటికీ తేలదు. సీలు వేసిన నమూనా పోలీసుల ద్వారా ఫోరెన్సిక్ ల్యాబ్‌కి చేరాలి. సొంతంగా ప్రైవేటు ల్యాబ్‌లో చేయించిన రిపోర్టులో, ఆ నమూనా సీసా ఎవరిదన్న ప్రశ్నే కోర్టులో ముందొస్తుంది.

రిపోర్టు లేనంత మాత్రాన కేసు పోదు. గ్లాసు ఎవరు తెచ్చారు, ఎవరు ఆటో ఎక్కించారు, ఎన్ని గంటలకు మాట తడబడింది అన్నవి పక్కన కూర్చున్నవాళ్లు చెప్పాలి. ఆమె కాస్త మద్యం తీసుకుని ఉంటే అదీ దాచొద్దు. డిఫెన్సు బయటపెడితే మిగతా మాటలూ నమ్మరు. ఒంటిమీద వేరే అఘాయిత్యం జరిగిందన్న అనుమానం ఏ కొంచెమున్నా అదీ రాయండి, సెక్షన్లు మారిపోతాయి.

అన్నిటికంటే తొందర సీసీ కెమెరాది. హార్డ్‌డిస్క్ నిండగానే పాత ఫుటేజీ చెరిగిపోతుంది, చాలాచోట్ల రెండు నుంచి నాలుగు వారాల్లోనే. తేదీ, సమయం, టేబుల్ వివరాలతో ‘ఫుటేజీ చెరపొద్దు’ అని రెస్టారెంటు మేనేజర్‌కి ఇవాళే లేఖ ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. ఆ నకలు ఫిర్యాదుకి జతచేసి, బీఎన్‌ఎస్‌ఎస్ 94 కింద నోటీసిచ్చి ఫుటేజీ తెప్పించమని ఎస్‌ఐని రాతపూర్వకంగా కోరండి.