ఛార్జీల మోతలో చప్పుడు లేదు

“పేపర్లో ‘కరెంటు ఛార్జీల మోత’ అని రాస్తారు కదా, ఛార్జీలు మోగుతాయా? అసలు మోత అంటే ఏమిటి?” అని ఒకరు అడిగారు.

మోగవు. అది మోసే మోత, మోగే మోత వేరు. తెలుగులో రెండు మోతలున్నాయి. వాటికి ఒకదానితో ఒకదానికి చుట్టరికం లేదు. ఈ సంగతి తొమ్మిదో తరగతిలో కాలి బొటనవేలు చితికితే గాని నాకు తెలియలేదు.

తెనాలి దగ్గర పల్లెటూళ్ళో మా బడి. పరీక్షలో ‘ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత’ అనే సామెతను వివరించమన్నారు. ఇంట్లో ఈగలు రొద పెడతాయి, బయట పల్లకీలు చప్పుడు చేస్తూ పోతుంటాయి, కాబట్టి ఆ ఇంటాయనకి నిద్ర పట్టదు అని రాశాను. సున్నా. మా తెలుగు మాస్టారు దాన్ని క్లాసంతటికీ చదివి వినిపించి, అంతటితో ఊరుకోలేదు. ఒక బక్కవాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, నన్నూ ఇంకో ముగ్గుర్నీ నాలుగు మూలలా పట్టుకొని వరండా ఆ చివరిదాకా మోయమన్నారు. “ఇదిరా పల్లకీ మోత. చప్పుడేమన్నా వస్తోందా?” అన్నారు. బెంచీ పాతది, అడుగడుక్కీ కిర్రుమంటోంది. “వస్తోంది సార్!” అని క్లాసంతా ఒకటే అరుపు. ఆ నవ్వుల్లో నా పట్టు జారి, బెంచీ కాలు నా బొటనవేలి మీద పడింది. నేను పెట్టిన కేకకి పక్క క్లాసు లెక్కల మాస్టారు కూడా బయటికొచ్చారు. మా మాస్టారు తొణకలేదు. “ఇదీ మోతేరా, కాకపోతే దీనికి రవత్తుంది” అన్నారు.

వేలికి తడిగుడ్డ చుట్టించాక బోర్డు మీద రాశారు: మోయు, మోత. మ్రోయు, మ్రోత. క్రొత్త కొత్తయినట్టు, ప్రాత పాతయినట్టు, మ్రోత కూడా వత్తు రాల్చుకొని మోతయింది. అప్పటినుంచి రెండూ ఒకే వేషంలో తిరుగుతున్నాయి. సామెతలో తమాషా అంతా అక్కడే ఉంది: ఈగలది మోగే మోత, పల్లకీలది మోసే మోత. ఇంట్లో ఈగలు తప్ప ఏమీ లేనివాడు వీధిలోకి పల్లకీ ఎక్కి వెళ్తాడు. (తిండే లేని ఇంటికి ఈగలెందుకొస్తాయని మా నాయనమ్మని అడిగితే, “కడగని గిన్నె ఒక్కటి చాలదట్రా వాటికి?” అంది.)

తుపాకుల మోత, డప్పుల మోత, సిక్సర్ల మోత, మా అమ్మ నోట రోజూ వినపడిన “వీపు విమానం మోత మోగుద్ది” అన్నీ రవత్తు మోతలే. మా ఊరి మీదుగా విమానం వెళ్ళడమే అరుదు, మా వీపులకి మాత్రం ఆ మోత బాగా తెలుసు. మూటల మోత, కావడి మోత రెండోవైపు. ఛార్జీల మోత, పన్నుల మోత కూడా ఇటే. కాదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

నా బాధల్లా హెడ్డింగులు పెట్టేవాళ్ళతోనే. ‘జనంపై ఛార్జీల మోత’ అంటే సరే, బరువు నెత్తిన పడింది. ‘ఛార్జీల మోత మోగించారు’ అంటే ఏమిటి? బరువుని ఎలా మోగిస్తారు? బాదుడు, వాత, మోత అనే ఈ మూడు మాటలూ లాగేసుకుంటే ధరలు పెరిగాయని చెప్పడమే వీళ్ళకి చేతకాదు. ఒక్క పెళ్ళిళ్ళ డీజేకి మాత్రం రెండు మోతలూ అతుకుతాయి. మోగించేది వాడు, అద్దె మోసేది పిల్ల తండ్రి. మొన్న మా మేనకోడలి పెళ్ళిలో పురోహితుడి మంత్రం ఒక్క ముక్క వినపడితే ఒట్టు.

ఇంతకీ ఛార్జీలు మోగవనడానికి మా ఇంట్లోనే సాక్ష్యం ఉంది. ఈ నెల కరెంటు బిల్లు పట్టుకొని నేను గొణుగుతుంటే మా ఆవిడ ఏసీ రిమోట్ కిందపెట్టకుండానే అంది: “చప్పుడు చెయ్యకుండా కట్టెయ్యండి.”