ఫీజు కట్టకుండానే డీఎస్‌టీ షరతు తీర్చవచ్చు

బరంపురం నుంచి మీరు అడిగింది చూశాను: డీఎస్‌టీ (కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం) నిధులతో చేసిన పరిశోధన అందరికీ ఉచితంగా అందాలన్నది షరతు; అలా చూపాలంటే పత్రిక లక్షల్లో ఫీజు అడుగుతోంది. కట్టనవసరం లేదండీ. ఆ విభాగం 2014 డిసెంబరు విధానం ప్రకారం, సమీక్ష ముగిసి ఆమోదం పొందిన తుది ప్రతిని, ఆమోదించిన 2 వారాల్లో మీ సంస్థ రిపాజిటరీలో (వ్యాసాలు దాచే ఆన్‌లైన్ భాండారంలో) పెడితే చాలు. విజ్ఞానశాస్త్ర వ్యాసమైతే దాన్ని 6 నెలలకు మించి పాఠకులకు కనబడకుండా తాళం వేసి ఉంచకూడదు.

పర్లాకిమిడిలో కూర్చుని నేను తొందరపడి పత్రిక ముద్ర, పుటసంఖ్యలు ఉన్న పీడీఎఫ్‌నే ఎక్కించాను. మర్నాడే తిరిగొచ్చింది! ఎక్కించాల్సింది సమీక్షకుల సూచనలు దిద్ది మీరు చివరగా పంపిన సాదా వర్డ్ ఫైలు. అదెక్కడుందో ఇప్పుడే వెతికిపెట్టుకోండి. పత్రిక ఎన్ని నెలలు ఆపమంటుందో ఓపెన్ పాలసీ ఫైండర్‌లో (పత్రికల నియమాలు చూపే వెబ్‌సైటు, పాత పేరు షెర్పా రోమియో) చూడండి. 12 అని ఉంటే, హక్కుల పత్రంపై సంతకం పెట్టకముందే, 6కి తగ్గించమని సంపాదకుడికి రాయండి.