‘41 ఏళ్లొచ్చాక ఈ బరువులేంటి?’ అంటున్నారు మావారు

ప్రశ్న: నా వయసు 41. ఇద్దరు పిల్లలు. ఐదేళ్ల కిందట ఆరోగ్యం కోసమని జిమ్‌లో చేరి, మెల్లగా పవర్‌లిఫ్టింగ్‌లోకి వచ్చాను. పోటీల్లో స్క్వాట్ (బరువుల బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) 120, బెంచ్ ప్రెస్ (పడుకుని బార్‌ను ఛాతీ మీద నుంచి పైకి నెట్టడం) 62.5, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను పైకి లాగి నిలబడటం) 145 కిలోల దాకా ఎత్తి రెండు పతకాలు గెలిచాను. పోటీల సంగతి మాత్రం ఇంట్లో దాచాను. ఒంటికి అతుక్కునే పోటీ దుస్తులు, అదే సింగ్లెట్‌లో ఉన్న నా ఫొటో బంధువుల కంటపడి అంతా బయటికొచ్చింది. ‘ఈ వయసులో ఇవేం బరువులు, ఇక చాలు’ అంటున్నారు మావారు. గర్భసంచి జారుతుందని అత్తగారి భయం. డెడ్‌లిఫ్ట్ చేస్తున్నప్పుడు మూత్రం చుక్కలు పడుతున్న మాట నిజమే. అది ఎవరికీ చెప్పలేదు. మూడు నెలల్లో పెద్ద పోటీ ఉంది. నా బరువు 71.4 కిలోలు. 69 కిలోల విభాగానికి దిగమంటున్నారు కోచ్. మానేయాలా, కొనసాగాలా?

జవాబు: మానేయడం గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మీ అత్తగారి మాటను చాదస్తమని తోసిపుచ్చలేం. ఆవిడకు కారణం తెలియకపోవచ్చు గానీ, ఆవిడ అడుగుతున్నది అడగాల్సిన ప్రశ్నే. బార్ లాగేటప్పుడు పొట్టలో ఒత్తిడి బాగా పెరుగుతుంది. దాన్ని కింద నుంచి ఆపాల్సింది కటి కండరాలు. కాన్పుల తర్వాత అవి బలహీనపడి ఉండొచ్చు. కొందరిలో ఇందుకు విరుద్ధంగా, ఎప్పుడూ బిగుసుకుపోయి వదులు కావడమే మరిచిపోతాయి. అందుకే ఎవరో చెప్పారని కీగెల్ వ్యాయామాలు (కటి కండరాలను బిగించి వదిలేవి) మొదలుపెట్టేయకండి, బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగిస్తే సమస్య ముదురుతుంది. గైనకాలజిస్టు పరీక్ష చేశాక, కటి కండరాలకు చికిత్స చేసే ఫిజియోథెరపిస్టును కలవండి. మహిళా లిఫ్టర్లలో చాలామందికి ఉండే ఇబ్బందే ఇది. సిగ్గుపడాల్సిన పని లేదు, అందరికీ ఉన్నదే కదా అని వదిలేయాల్సిందీ కాదు. యోనిలో బరువుగా అనిపించడం, ఏదో కిందికి దిగినట్టు తగలడం, మూత్రం పూర్తిగా కాకపోవడం లాంటివి ఉంటే పరీక్ష అయ్యేదాకా పెద్ద బరువులు ముట్టుకోవద్దు.

అవేవీ లేకపోతే, అపాయింట్‌మెంట్ దొరికేలోపు చుక్కలు పడని బరువుతోనే లాగండి. మీ విషయంలో 100 కిలోల దగ్గర మొదలుపెట్టి చూడొచ్చు. సెట్‌కు, అంటే ఆపకుండా చేసే ఒక్కో వరుసకు, మూడు సార్లు చాలు, లీక్ ఎక్కువగా అలసిపోయిన చివరి రెప్స్‌లోనే (ఎత్తడాల్లోనే) వస్తుంది. బెల్టు ఒక రంధ్రం వదులు చేయండి. మరీ బిగిస్తే ఒత్తిడంతా కిందికే తన్నుతుంది. ఊపిరి పొట్ట ముందుభాగంలోకే కాకుండా పక్కటెముకలు పక్కలకు విచ్చుకునేలా తీసుకోండి. తేలిక బరువుల్లో బార్ మోకాళ్లు దాటాక ఆ ఊపిరిని కొద్దికొద్దిగా వదలండి. జిమ్‌కు వెళ్లేముందు నీళ్లు మానేయడం చాలామంది చేసే పని. మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత చికాకు పెడుతుందే తప్ప లాభం లేదు.

కోచ్ సలహా ఈసారికి పక్కన పెట్టండి. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య ఐపీఎఫ్ నిబంధనల్లో బరువు చూడటం పోటీకి రెండు గంటల ముందు మొదలై గంటన్నర సాగుతుంది. నీళ్లు మానేసి 2.4 కిలోలు తగ్గించుకున్న ఒంటికి ఆ కాస్త వ్యవధిలో తేరుకునే వీలుండదు. తిమ్మిర్లు, కళ్లు తిరగడం. దెబ్బ ముందు స్క్వాట్ మీద పడుతుంది, ఎందుకంటే మొదట వచ్చేది అదే. స్క్వాట్‌లో మూడు ప్రయత్నాలూ తప్పితే మూడు లిఫ్ట్‌ల మొత్తం లెక్కలోకి రాదు, ఆ మొత్తానికి ఇచ్చే పతకం ఆశ అక్కడితో సరి. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు ఎవరైనా ఇవ్వబోతే వద్దనండి, అవి డోపింగ్ నిషేధిత జాబితాలో ఉన్నాయి. 69 తర్వాతి విభాగం 76. అందులో కడుపునిండా తిని దిగండి. విభాగం మారాలనే ఉంటే పోటీ అయిపోయాక, నెలల తరబడి నిదానంగా తగ్గొచ్చు.

ఇక మీవారి సంగతి. వయసు మాటకు జవాబు తేలికే. ఈ ఆటలో మాస్టర్స్ విభాగమే 40వ ఏట మొదలవుతుంది. 40-49, 50-59, 60-69, ఆపైన 70 దాటినవాళ్లకూ వేరే విభాగం ఉంది. మహిళలకు ప్రపంచ పోటీలు 1980 నుంచీ జరుగుతున్నాయి. ఇవన్నీ ఆయనకు చెప్పొచ్చు. చెప్పినంత మాత్రాన ఆయన మెత్తబడతారని మాత్రం నాకు నమ్మకం లేదు. భార్య రెండు పతకాలు గెలిచిందన్న సంగతి ఆయనకు బంధువుల నోట తెలిసింది. ఆ అవమానమే ఇప్పుడు వయసు మాటగా బయటికొస్తోందని నా అనుమానం. ‘పోటీలకు వెళ్తున్నట్టు మీకు చెప్పకపోవడం నా తప్పు’ అని ఒక్క ముక్క చెప్పి ఆగండి. ‘చెబితే మీరు ఒప్పుకునేవారా’ అని వెంటనే తగిలించారంటే అది క్షమాపణ కాదు, గొడవకు రెండో అధ్యాయం. బరువులెత్తినందుకు మాత్రం క్షమాపణ అక్కర్లేదు.

సింగ్లెట్ ఎందుకో ఆయనకు చెప్పండి. స్క్వాట్‌లో తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగిందో లేదో రిఫరీలకు కనబడాలి. వదులు బట్టలైతే తెలియదు. లోపల టీషర్ట్, డెడ్‌లిఫ్ట్‌కు మోకాలి దాకా సాక్స్ తప్పనిసరి. బంధువులకు ఈ వివరణ ఇవ్వాల్సిన పని లేదు.

ఇంట్లోవాళ్ల అసలు ఇబ్బంది వేళల దగ్గర కూడా ఉండొచ్చు. ‘గంటన్నరలో వస్తా’ అని మూడు గంటలకు వచ్చే మనిషి మీద ఎవరికైనా విసుగొస్తుంది. సెట్ల మధ్య ఫోన్ చూస్తే నాలుగు నిమిషాల విరామం పదవుతుంది. వారానికి మూడు రోజులు, రోజుకు 90 నిమిషాలు పెట్టుకోండి: ఒకరోజు స్క్వాట్, బెంచ్, ఒకరోజు డెడ్‌లిఫ్ట్, తేలిక బెంచ్, ఒకరోజు తేలిక స్క్వాట్, బెంచ్. డాక్టర్ సరేనంటే మొదటి నాలుగు వారాలు గరిష్ఠ బరువులో 70-75 శాతంతో ఐదేసి రెప్స్, తర్వాతి నాలుగు 80-85తో మూడేసి, ఆపైన 90 దరిదాపుల్లో ఒక్కొక్కటి. చివరి పెద్ద డెడ్‌లిఫ్ట్ పోటీకి పది, పన్నెండు రోజుల ముందే అయిపోవాలి.

పోటీ రోజున మీవారికో పని ఇవ్వండి. ప్రేక్షకుడిగా రమ్మంటే ఆయన రాకపోవచ్చు. ప్రతి లిఫ్ట్ అయ్యాక నిమిషంలోపు తర్వాతి బరువు నిర్వాహకుల బల్ల దగ్గర చెప్పాలి. చెప్పకపోతే, గెలిచిన లిఫ్ట్ మీద 2.5 కిలోలు వాళ్లే పెంచేస్తారు, తప్పినదైతే అదే బరువు ఉంచుతారు. రొప్పుతూ దిగిన మనిషికి ఆ నిమిషంలో లెక్కలు తోచవు. అందుకని అంకెలు ముందే రాసి ఆయన చేతిలో పెట్టండి: స్క్వాట్ 107.5, 115, 120, బెంచ్ 57.5, 60, 62.5, డెడ్‌లిఫ్ట్ 130, 140, 145. ఒకటి తప్పితే పెంచకుండా అదే మళ్లీ అడగాలని చెప్పండి. ఒకసారి ప్రయత్నించిన బరువు కంటే తర్వాత తగ్గించుకునే వీల్లేదు, అందుకే మొదటివి ఇంత తక్కువ.

ఆయన రానంటే బతిమాలకండి, ఆ కాగితం జిమ్ స్నేహితురాలికి ఇవ్వండి. తేదీ, ఊరు, తిరిగొచ్చే వేళ ఇంట్లో అందరికీ చెప్పి మరీ వెళ్లండి. డాక్టర్ వద్దంటే మాత్రం ఈ పోటీ వదులుకోండి. మీ విభాగం 49 ఏళ్ల దాకా ఉంది.