పాత టర్నర్లకు కొత్త మిషన్ నేర్పే విషయమై

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

జీడిమెట్ల షెడ్డులో సీఎన్‌సీ లేత్‌లు (కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసే మిషన్లు) దించావనీ, వాటికి బయటి ఆపరేటర్లను పెట్టుకుని చేత్తో లేత్ నడిపే పాత టర్నర్లను మెల్లగా పంపేయాలనుకుంటున్నావనీ అక్కయ్య చెప్పింది. ఎవరినైనా పంపేముందు వాళ్లకు నేర్పి చూడు. అదీ షిఫ్టు వేళల్లోనే, జీతం కోయకుండా. పన్నెండు గంటలు నిలబడ్డ మనిషికి ఆపైన పాఠం చెబితే ఎక్కదు.

కోసే టూలు అరుగుతోందని చిప్పు (కోతలో రాలే లోహపు తునక) రంగును బట్టి, కోత చప్పుడును బట్టి పసిగట్టడం వాళ్లకు ఇప్పటికే వచ్చు. ఆ అరుగుదలను తెర మీద అంకెగా దిద్దడమే రాదు. అందుకని పాఠాన్ని మిషన్‌కు ఆదేశాలు రాసే జీ కోడ్‌తో కాక, టూలు అరుగుదలకు తగ్గట్టు దిద్దే అంకె అయిన ఆఫ్‌సెట్‌తో మొదలుపెట్టించు. జాబు (కోసిన ముక్క) వ్యాసం 0.02 మిల్లీమీటర్లు ఎక్కువొస్తే ఆఫ్‌సెట్‌లో అంత తగ్గించాలనీ, మైనస్ బదులు ప్లస్ కొడితే తేడా రెట్టింపవుతుందనీ మైక్రోమీటర్ చేతిలో ఉన్నప్పుడే చూపిస్తే మర్చిపోరు. తెర మీది ఇంగ్లీషు అలారాలకు అర్థాలు తెలుగులోనూ, ఒడిశా, బీహార్ కుర్రాళ్ల కోసం హిందీలోనూ రాయించి మిషన్ పక్కనే అతికించు.

ప్రోగ్రామింగ్ అందరికీ అక్కర్లేదు. మిగతావాళ్లు ఎవరి మాట వింటారో అలాంటి ఇద్దరిని బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌కు పంపు. తిరిగొచ్చాక వాళ్ల రోజువారీ టార్గెట్ కొంత తగ్గిస్తేనే పక్కవాడికి నేర్పే తీరిక దొరుకుతుంది. కోర్సుకు పంపి, మర్నాడు మళ్లీ పాత లేత్ మీదే నిలబెట్టే యజమానులు మన పారిశ్రామికవాడల్లో తక్కువేమీ లేరు.

నేర్చుకున్నాక పక్క షెడ్డుకు పోతారని భయపడి ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకు. ఏ పని వస్తే జీతం ఎంత పెరుగుతుందో ముందే కాగితం మీద రాసివ్వు. ఆగేవాళ్లు దాన్ని చూసే ఆగుతారు.

తీసేయడం చవకని కూడా అనుకోకు. పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 ప్రకారం రిట్రెంచ్ చేసిన (పని నుంచి తీసేసిన) ఒక్కో కార్మికుడికి, ఇవ్వాల్సిన పరిహారం కాక, 15 రోజుల ఆఖరి వేతనం రీస్కిల్లింగ్ (కొత్త పని నేర్చుకోవడం కోసం పెట్టిన) నిధికి కట్టాలి. నా దృష్టిలో అది ఆలస్యంగా వచ్చే సాయం. పని పోయాక నేర్పడం కన్నా ఉండగా నేర్పడమే ఇద్దరికీ మేలు.

ససేమిరా వద్దనేవాళ్లను బలవంతపెట్టకు. రిపేరు జాబులకు పాత లేత్ ఎలాగూ ఉంటుంది, ఇన్‌స్పెక్షన్‌కూ మంచి కన్ను కావాలి.

ఎవరికి ఏ పని వచ్చో, కొత్త మిషన్‌కు ఏది కావాలో పేరుపేరునా రాసి ఉంచు. నెలాఖరున వచ్చినప్పుడు కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య