సూపర్ హీరో సినిమాను తూచబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య దీవించి రాయునది.

సినిమా సమీక్షలు రాయడానికి ఒప్పుకున్నావనీ, మొట్టమొదట నీ చేతికి రాబోయేది కామిక్స్ ఆధారంగా తీసిన సూపర్ హీరో సినిమాయేననీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. విన్నప్పటి నుంచి ఒకవైపు గర్వంగా ఉంది, ఒకవైపు దిగులుగా ఉంది. చాలా ఏళ్లు ఈ పని చేసినవాడిని కనుక నువ్వు చేయగలవని నాకు తెలుసు. ఆ కథలంటే నీకెంత ప్రాణమో తెలుసు కనుకనే దిగులు. ఇష్టం లేనివాడు సినిమాను అశ్రద్ధగా చూస్తాడు. మరీ ఇష్టమున్నవాడు తన మనసులోని పుస్తకాన్ని తెర మీద వెతుక్కుంటూ, ఎదురుగా ఆడుతున్న సినిమాను చూడనే చూడడు. నీ విషయంలో నా భయం ఈ రెండోదే.

సినిమాను థియేటర్లోనే చూడు, వీలైతే రెండుసార్లు చూడు. నీ సమీక్ష పూర్తయ్యేదాకా మరొకరిది చదవకు. కథలో ఎవరు చనిపోతారో బయటపెట్టకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీ పాత పొరపాటు ఒకటి మాత్రం వివరంగా చెప్పాలి. నొచ్చుకోకు. 2014లో 'ది అమేజింగ్ స్పైడర్ మ్యాన్ 2' వచ్చినప్పుడు మీ కాలేజీ పత్రికకు నువ్వు రాసిన వ్యాసం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నిన్న మళ్లీ తీసి చదివాను. పుస్తకంలో ఏముంది, సినిమాలో ఏం మారింది అన్న పట్టికతోనే అందులో ముప్పాతిక భాగం నిండిపోయింది. స్పైడర్ మ్యాన్ ప్రియురాలు గ్వెన్ స్టేసీ మరణించే ఘట్టంలో గడియారం ఒంటిగంట ఇరవై ఒక్క నిమిషాల దగ్గర ఆగిందనీ, 1973లో ఆమె మరణాన్ని చెప్పిన కామిక్ సంచిక సంఖ్య 121 అనీ కనిపెట్టి, ఆ ఒక్క సంగతి మీద ఒక పేరా అంతా రాశావు. కనిపెట్టినందుకు మెచ్చుకుంటాను. కానీ అమ్మలూ, గడియారం మీది అంకెను పట్టుకుని గడియారాన్నే వదిలేశావు. ఆ సినిమా మొదలైందే ఒక చేతి గడియారం లోపలి చక్రాలతో. పట్టా పుచ్చుకునే రోజున గ్వెన్ చేసే ప్రసంగం, ఎన్నటికీ ఉండిపోదు కనుకనే జీవితానికి విలువ అన్న సంగతి గురించి. చివరకు ఆమె పడిపోయేది గడియారపు గోపురం లోపల. మొదటి నుంచీ కాలం గురించి చెబుతూ వచ్చిన కథ అక్కడికి చేరిందన్న మాట నీ వ్యాసంలో ఒక్క వాక్యంగానైనా లేదు.

ఇప్పుడు ఆ మరణాన్నే తీసుకుందాం. గెర్రీ కాన్వే రాసి, గిల్ కేన్ బొమ్మలు గీసిన ఆ సంచికలో స్పైడర్ మ్యాన్ శత్రువైన గ్రీన్ గాబ్లిన్ ఆమెను ఎత్తు మీద నుంచి పడదోస్తాడు. స్పైడర్ మ్యాన్ విసిరిన దారం ఆమె కాలిని పట్టుకుంటుంది, కాపాడానన్న సంబరంతో అతడు పైకి లాగుతాడు, తీరా చూస్తే ఆమెలో ప్రాణం ఉండదు. ఆమె మెడ పక్కన, ఎముక విరిగిన చప్పుడును సూచిస్తూ, చిన్న అక్షరాలతో ఒక మాట ఉంటుంది. దాన్ని గమనించిన పాఠకుడికి కాపాడబోయిన చెయ్యే చంపిందేమోనన్న అనుమానం మొదలై ఇక వదలదు. సినిమాలో ఆ దారం కొస వేళ్లు చాచిన అరచేతిలా విచ్చుకుంటూ ఆమె వైపు నిదానంగా సాగుతుంది, అందుకుంటుంది కూడా, కానీ అప్పటికే ఆలస్యమైపోతుంది. పుస్తకంలో అపరాధం చేతిది, సినిమాలో కాలానిది. ఈ మార్పు వల్ల కథకు ఏం దక్కింది, ఏం పోయింది? నా మటుకు నాకు పుస్తకంలోని అనుమానమే ఎక్కువ బాధ పెడుతుంది, అయినా ఆ సినిమా చెప్పదలచుకున్న కథకు ఆలస్యమే తగినదని ఒప్పుకుంటాను. సమీక్షకుడు తేల్చవలసింది ఇలాంటి సంగతిని. మారిందా లేదా అన్నది పుస్తకం పక్కన పెట్టుకున్న ఎవరైనా చెప్పగలరు.

ఆ వ్యాసాన్ని అలా ఎందుకు రాశావో కూడా నాకు తెలుసు. ఆడపిల్లకు కామిక్స్ గురించి ఏం తెలుసని నీ తరగతిలో కొందరు ఎగతాళి చేశారు, వాళ్లకు సమాధానంగా నీకు తెలిసినదంతా కాగితం మీద పరిచేశావు. ఆ ఘట్టం వచ్చినప్పుడు నా పక్క సీట్లో కూర్చుని నువ్వు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను, తల్లీ. వ్యాసంలో ఆ కన్నీటికి చోటే లేకపోయింది. ఇప్పుడు కూడా అలా అడిగేవాళ్లు ఉంటారు, అప్పటికంటే ఎక్కువ మంది, అప్పటికంటే కటువుగా అడుగుతారు. నీ పరిజ్ఞానాన్ని వాళ్ల ముందు నిరూపించుకోవడానికి ఒక్క వాక్యం కూడా రాయకు. నువ్వు రాసేది ఆ సినిమా చూడాలా వద్దా అని ఆలోచించే పాఠకుడి కోసం, చూసి వచ్చాక తనకు అలా ఎందుకు అనిపించిందో తెలుసుకోవాలనుకునే పాఠకుడి కోసం.

అభిమానుల ఆగ్రహానికి జడిసి విడుదలకు ముందే తీర్పు ఇవ్వకు. బ్యాట్ మ్యాన్ పాత్రకు మైకేల్ కీటన్‌ను తీసుకున్నారని తెలిసినప్పుడు అభిమానులు వేల సంఖ్యలో నిరసన ఉత్తరాలు రాశారు. 1989లో సినిమా వచ్చాక ఆ గొడవ ఎవరికీ పట్టలేదు. బ్యాట్ మ్యాన్ శత్రువు జోకర్‌గా హీత్ లెడ్జర్ పనికిరాడన్నారు. 2008 నాటి ఆ నటనకు అతడు పోయాక ఆస్కార్ ఇచ్చారు.

అసలు కథకు ద్రోహం చేశారు అని రాయబోయే ముందు, ఏది అసలు కథ అని నిన్ను నువ్వు ప్రశ్నించుకో. 1938లో పుట్టినప్పుడు సూపర్ మ్యాన్ ఎగరలేదు, భవనాల మీదుగా దూకేవాడు. అతడిని నీరుగార్చే క్రిప్టొనైట్ అనే రాయి 1943లో రేడియో నాటకంలో వినిపించాకే కామిక్స్‌లోకి వచ్చింది. జోకర్ జతగత్తె హార్లీ క్విన్ 1992లో టీవీ యానిమేషన్ ధారావాహికలో పుట్టింది. 1962 నాటి మొదటి స్పైడర్ మ్యాన్ కథలో, గొప్ప శక్తితో పాటు గొప్ప బాధ్యత రావాలన్న మాటను చివరి గడిలో కథకుడే చెబుతాడు. 2002 సినిమాలో దాన్ని అతడిని పెంచిన అంకుల్ బెన్ నోట, ఆగి ఉన్న కారులో చెప్పించారు. స్పైడర్ మ్యాన్‌గా మారిన పీటర్ ఆ మాటకు విసుక్కుని దిగిపోతాడు, ఆ తర్వాత ఇద్దరూ తీరిగ్గా మాట్లాడుకునే అవకాశమే రాదు. పుస్తకంలో నీతిగా ఉన్న వాక్యం ఇక్కడ పశ్చాత్తాపంగా మారింది. మంచి మార్పు అంటే ఇదని నిస్సంకోచంగా చెబుతాను.

ఉన్నది ఉన్నట్టు తీసినంత మాత్రాన సినిమా గట్టెక్కదు. కామిక్స్‌లో గడికీ గడికీ మధ్య ఉండే ఖాళీని పాఠకుడు తన ఊహతో నింపుకుంటాడు, ఒక బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగాలో అతడే నిర్ణయించుకుంటాడు. తెర మీద ఆ అధికారం దర్శకుడిది, కూర్పరిది. 2009 నాటి 'వాచ్‌మెన్' సినిమాలో ఎన్నో బొమ్మలను గీత తప్పకుండా తెరకెక్కించారు, వాటిలో చాలా చోట్ల నాకు మనుషులు బిగుసుకుపోయినట్టే కనిపించారు. సినిమావాళ్లు సొంతంగా కల్పించుకున్న, మొదట్లో పేర్లు పడే ఘట్టం మాత్రం, దశాబ్దాల చరిత్రను కొద్ది నిమిషాల్లో చూపిస్తూ, అద్భుతంగా ఉంటుంది.

గ్రాఫిక్స్ గురించి రాసేటప్పుడు బాగున్నాయి, బాగాలేవు అని సరిపెట్టకు. పోరాటంలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో ప్రేక్షకుడికి తెలుస్తోందా, దెబ్బ తిన్న శరీరానికి బరువు ఉందా అన్నవి చూడు. దానికన్నా ముందు నటుడిని చూడు. 1978 నాటి 'సూపర్ మ్యాన్'లో, అతడు ప్రేమించే లోయిస్ ఇంట్లో ఆమె పక్క గదిలో ఉన్నప్పుడు, సూపర్ మ్యాన్ మామూలు మనిషిగా తిరిగే క్లార్క్ వేషంలో ఉన్న నటుడు క్రిస్టఫర్ రీవ్ కళ్లద్దాలు తీసి వెన్ను నిటారుగా చేస్తాడు, గొంతు మారుస్తాడు, నిజం చెప్పబోయి మళ్లీ భుజాలు కుంగదీసుకుంటాడు. ఏ యంత్రం సాయమూ లేకుండా ఒక్క దేహంలో ఇద్దరు మనుషులు కనిపిస్తారు. సూపర్ హీరో సినిమాల్లో నటన ఏముంటుందని అనేవాళ్లకు నేను చూపించేది ఆ సన్నివేశమే.

సృష్టికర్తల పేర్లు రాయడం మరచిపోకు, ఇది నా ఆజ్ఞ అనుకో. సీగెల్, షూస్టర్ సూపర్ మ్యాన్ హక్కులను 130 డాలర్లకు అమ్ముకున్నారు. బ్యాట్ మ్యాన్‌ను రూపుదిద్దడంలో బాబ్ కేన్‌తో సమానంగా శ్రమించిన బిల్ ఫింగర్ 1974లో చనిపోయాడు. సినిమా తెర మీద సహ సృష్టికర్తగా అతడి పేరు పడింది 2016లో. నటుల పారితోషికాల గురించి రాయడానికి చోటు దొరికే సమీక్షలో వీళ్లకు ఒక వాక్యం దొరకకపోవడం అన్యాయం.

రెండోసారి చూసేటప్పుడు మీ అమ్మను వెంట తీసుకెళ్లు. కామిక్స్ ఒక్క పేజీ అయినా తిరగేసిన మనిషి కాదు కదా. మధ్యలో ఏమీ వివరించకు. బయటికి వచ్చాక ఎక్కడ విసుగనిపించింది, ఎక్కడ ఎవరెవరో తెలియలేదు అని మాత్రమే అడిగి, ఆమె చెప్పినది రాసుకో. ముందు వచ్చిన సినిమాలు చూడనివారికి అర్థం కాని చోట్లు నీ కంటికి ఆనవు, ఆమెకు తప్పకుండా కనిపిస్తాయి. చిత్తుప్రతి పూర్తికాగానే నాకు పంపించు, పత్రికకు ఇచ్చే గడువుకు ఒక రోజు ముందైనా చాలు. ఆ రాత్రే చదివి పంపుతాను.

ఇట్లు,
మీ మావయ్య